రాజుగారి మైకు

కట్టుకున్న భార్యను సంతలో నిలబెట్టి అమ్మినవాణ్ని సత్యానికి నమూనా అని మీ పిల్లలకు నేర్పింది ఎవరు? పక్కవాళ్ల వైపు చూడకండి. మిమ్మల్నే అడుగుతున్నాను.

కథ మీకు తెలుసు. రాజు ఒక మునికి మాటిస్తాడు. ఆ మాట కోసం రాజ్యం వదులుకుంటాడు. అదీ చాలక భార్యనూ పసివాణ్నీ కాశీ వీధిలో అమ్మేస్తాడు, తాను కాటికాపరి అవుతాడు. పాము కరిచి చనిపోయిన కొడుకును ఎత్తుకుని ఆమె అదే కాటికి వస్తే, సుంకం చెల్లిస్తే గానీ కాల్చనివ్వనంటాడు. చివర్లో దేవతలు దిగివచ్చి ఆయన్ను మెచ్చుకుంటారు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. నాటకం పేరు, రాజు పేరు నేను రాయను. ఈ పాటికి మీలో సగం మంది లోలోపల పద్యం ఎత్తుకునే ఉంటారు.

నా వృత్తి మైకు సెట్టు. కొత్తపేటలో చిన్న కొట్టు. జీతం, పింఛను ఉన్న ఉద్యోగం కాదు గానీ, విరమణ మాత్రం చేశాను. నాకంటే ముందు నా ఎడమ చెవి విరమించుకుంది. జీవితమంతా లౌడ్‌స్పీకర్ల పక్కన కూర్చున్నవాడికి ఇన్నాళ్లు వినబడటమే గొప్ప అన్నాడు డాక్టరు. ఇప్పుడు కొట్టు మా మేనల్లుడు చూసుకుంటున్నాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నా దగ్గర కూర్చుని, మీరు మరిచిపోలేని ప్రోగ్రాం ఏదని అడుగుతుంటారు. ఏ సినిమావాళ్ల సభో, ఏ మంత్రిగారి ఊరేగింపో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది అమలాపురంలో ఒక కల్యాణ మండపంలో ఆడిన నాటకం గురించి. అదే నా ఆఖరి పని.

హేతువాదం నేను పుస్తకాల్లో చదవడానికి ముందే నా లౌడ్‌స్పీకర్లలో విన్నాను. ఒక సాయంత్రం పురాణ ప్రవచనం. మర్నాడు అదే మైదానంలో దానికి జవాబుగా హేతువాదుల సభ. కులం మీద, వితంతు వివాహాల మీద, బూడిద రాల్చే బాబాల మీద పెద్దవాళ్లు వాదించుకుంటుంటే, పక్కన స్టూలు మీద నేను. దేవుడున్నాడన్నవారికీ లేడన్నవారికీ ఒకే మైకు, ఒకే వాల్యూము పెట్టాను. వినగా వినగా ఎవరి మాటలో పస ఉందో, ఎవరిది ఉత్త గొంతో తెలిసిపోయింది. తర్వాత నేనూ చిన్న పత్రికలకు రాయడం మొదలుపెట్టాను. ఈ నాటకాన్ని నేను దుమ్మెత్తిపోసినంతగా మన వైపు ఇంకెవరూ పోసి ఉండరు. సాయంత్రం దానికి మైకు పెట్టడం, మర్నాడు దాని మీద వ్యాసం రాయడం. పొట్ట ఒక పక్క, బుర్ర ఒక పక్క.

రాజు వేషం వేసే పెద్దాయనది రాజోలు వైపు. డెబ్బై దాటాయి. అందరూ ఆయన్ను రాజుగారు అనే పిలుస్తారు. అది కులం వల్ల వచ్చిన పేరు కాదు, వేషం వల్ల వచ్చింది. నా వ్యాసాలు ఆయనకు ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. కోపం వచ్చేది కాదు. ఎక్కడ కనబడినా ఒకటే మాట.

“ఏవండోయ్ నాస్తికుడు గారూ, దేవుడు లేకపోయినా పర్లేదండి. మైకు మాత్రం ఉండాలండి.”

నిజమే. పద్య నాటకానికి మైకు పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. వేదిక ముందు నడిమధ్యన ఒక స్టాండు. అది రాజుది. పద్యం రాగానే ఆయన నాలుగడుగులు ముందుకొచ్చి, స్టాండు మెడ పట్టుకుని, తన నోటి ఎత్తుకు సరిచేసుకుని రాగం తీస్తాడు. మిగతా పాత్రలు వెనక నిలబడి, పైన వేలాడే చిన్న మైకులకు ఎంత అందితే అంత మాట్లాడతాయి. రాణి చోటు ఎప్పుడూ వెనక, ఎడమ పక్కన. ఆమె మాటల్లో సగం హార్మోనియంలో కలిసిపోయేవి. ఇంకో విడ్డూరం చెబుతాను. పెద్ద నాటకాల్లో రాజు ఇద్దరుంటారు. అమ్మకం సీను దాకా ఒకరు, కాటి సీనుకు అలసిపోని గొంతుతో మరొకరు. మా వైపు ట్రూపుల్లో రాణి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కతే. ఏడవడానికి తాజా గొంతు అక్కర్లేదనుకున్నారేమో.

ఈ పద్ధతి ఎవరూ శాసనంగా రాయలేదు. మార్చాలని ఎవరికీ తోచనూ లేదు.

ఒక మధ్యాహ్నం రామచంద్రపురం నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద నా కొట్టుకు వచ్చింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుందట. హైదరాబాదులో నాటకం చదువుకుంది. పాత పద్య నాటకాన్ని కొత్తగా చేయిస్తున్నానంది. కొత్తగా అంటే రాజుకు ప్యాంటు తొడగడమేనా అని అడిగాను.

“కాదండి బాబాయిగారూ. కిరీటాలు తీసేస్తున్నాను. తెరలు తీసేస్తున్నాను. పద్యాలు మాత్రం ఒక్కటీ తియ్యట్లేదు.”

“మరి కొత్తదనం ఏముందమ్మా?”

“రాణిగారిని కాశీలో అమ్మట్లేదండి. గల్ఫ్‌కి పంపిస్తున్నారు.”

నేను చేతిలో ఉన్న సోల్డరింగు గన్ను పక్కన పెట్టాను. మన ఊళ్లలో ఏ వీధిలోనైనా నాలుగిళ్లు దాటితే, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటి పని చేసి వచ్చిన ఆడమనిషి కనబడుతుంది. ఆ నాటకం మీద ఇన్నేళ్లు రాసిన నాకు ఆ ముక్క ఎందుకు తట్టలేదో ఆ అమ్మాయిని అడగలేను కదా. స్టూలు జరిపి కూర్చోమన్నాను.

ఆమె ఇంకొక ప్రశ్న అడిగింది. “ఈ నాటకంలో జనం వన్స్‌మోర్ ఎక్కడ కొడతారండి, కచ్చితంగా?”

పద్య నాటకంలో వన్స్‌మోర్ అంటే ఆనతి. జనం కేక వేశారంటే కథ ఎక్కడున్నా ఆగాలి, నటుడు ఆ పద్యం మళ్లీ పాడాలి. చచ్చిపడ్డ పాత్ర లేచి పాడి మళ్లీ చచ్చిన సందర్భాలు నేను చూశాను. అమ్మకం సీనులో సత్యం మీద పద్యానికి తప్పకుండా పడుతుందని చెప్పాను. అక్కడ కత్తిరిస్తుంది కాబోలు అనుకున్నాను. ఆ అమ్మాయి తల ఊపింది.

రిహార్సళ్లు ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుల పక్కన ఒక రేకుల షెడ్డులో జరిగాయి. కారణం రాణి వేషం వేసే ఆవిడ. ఆమె భర్త ఆ చెరువుల మీద కాపలా. షెడ్డు ఆయన యజమానిది. అవతల ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే, ఆ హోరు మీద రాజుగారు పద్యం పాడేవారు. హోరు ఓడిపోయేది.

రాజుగారిని ఒప్పించడానికి ఆ అమ్మాయి ఒక పూటంతా ఆయన ఇంట్లో కూర్చుని పద్యాలు విన్నదట. అంతసేపు విన్నవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు, అందుకే మెత్తబడ్డానని ఆయనే చెప్పారు. కాటి సీనుకు వేరే రాజును పెట్టను, రాణి ఒక్కతే మోసినప్పుడు మీరూ మొయ్యాలి అంటే, దానికీ సై అన్నారు. చొక్కాకు తగిలించే కాలరు మైకు దగ్గర మాత్రం మొండికేశారు.

“మెళ్లో తాయెత్తు కట్టుకున్నట్టుంటుందండి. తాయెత్తులొద్దని నాస్తికుడు గారే రాసేరు కదా. నా స్టాండు నాకుండాలండి.”

కాబట్టి అందరికీ కాలరు మైకులు, రాజుకు నడుమ స్టాండు. అక్కడికి ఒక పేచీ తీరింది. రెండో పేచీ పెద్దది.

కాటి సీనులో ఆ అమ్మాయి ఒక కొత్త మాట చేర్చింది. ఒక్కటే మాట, అదీ వచనంలో. రాజు సుంకం అడుగుతాడు. రాణి కాసేపు ఆయన మొహం చూసి, “నన్ను అమ్మినప్పుడు నన్ను అడిగారా?” అంటుంది. తర్వాత పాత కథే. దేవతలొస్తారు, పూలు కురుస్తాయి. ఆ ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.

“ఆ మాటకి నా దగ్గర పద్యం లేదండమ్మా,” అన్నారు రాజుగారు. “నేనేం చెయ్యాలి మరి? నోరు మూసుకుని నించోవాలా?”

“ఆయ్, నించోవాలండి మాస్టారూ,” అంది ఆ అమ్మాయి.

నాటకం పెట్టిస్తున్న కమిటీ ప్రెసిడెంటుగారు కొబ్బరి వ్యాపారి. పద్యం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన కూడా నొచ్చుకున్నారు. ఆడకూతురి చేత మొగుణ్ని నిలదీయించడం ఈ నాటకంలో లేదన్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అమలాపురంలో మొదటి ఆట ఆ మాటతో ఆడతారు. ఆ మాట దగ్గర జనం లేచిపోయినా, గొల్లుమని నవ్వినా, తీసేస్తారు. తర్వాత తాటిపాకలో, రామచంద్రపురంలో, ముమ్మిడివరంలో పాత పాఠమే నడుస్తుంది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ రాణి వేషం ఆవిడ ఒక మూల కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటోంది. తీర్మానం విని తల ఎత్తింది.

“ఆ మాట తీసేస్తే నేను ఎయ్యనండి,” అంది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇరవై ఏళ్లుగా అదే వేషం వేస్తున్న మనిషి. వేషం వద్దన్నది ఎప్పుడూ లేదు. మధ్యలో నాటకాలు తగ్గిపోయి, కొన్నేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చింది.

ఆ సాయంత్రం నేను వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికొచ్చి తనే చెప్పింది. “ఏజెంటుగారొచ్చి అరుగు మీద కూచున్నారండి అన్నయ్యగారూ. మా మావగారు, మా ఆయన, ఆ ఏజెంటు. నేను టీ ఇచ్చేను. ఆళ్లు ఆళ్లే మాటాడుకున్నారు. టీ గ్లాసులు తియ్యడానికెళ్తే, పాస్‌పోర్టు ఫొటోకి జడేసుకు రమ్మన్నారండి. అప్పుడు తెలిసింది, ఎవరెళ్తున్నారో.”

నాలోని వ్యాసకర్త ఎగిరి కూర్చున్నాడు. పురుషాధిక్యత గురించి ఏదో అనబోయాను.

“మంచోడేనండి మా ఆయన,” అని ఆవిడ నా నోరు మూయించింది. “కొట్టడు, తిట్టడు. అడగాలని తట్టలేదంతే.”

నాకు ఆ రోజు ఒకటి అర్థమైంది. దుర్మార్గుణ్ని తిట్టడం తేలిక, నా వ్యాసాలన్నీ ఆ పనే చేశాయి. మంచివాడికి ఏది తట్టలేదో వాడి మొహం మీద చెప్పడం కష్టం. ఆవిడకు ఆ ఒక్క మాట వేదిక మీద అనాలని ఉంది. ఆ మాట బతుకుతుందో చస్తుందో అమలాపురంలో తేలాలి.

ఆట రోజున ఆరు గంటలకే మండపం నిండిపోయింది. ముందు వరసల్లో పద్యం కోసం వచ్చిన పెద్దలు, భుజాల మీద తువ్వాళ్లు, మధ్యలో ప్రెసిడెంటుగారు. కుడి పక్కన ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది గల్ఫ్ ఊరి పేరు అమలాపురం పేరంత తేలిగ్గా పలికేవాళ్లు. నేను వెనక తలుపు దగ్గర నా మిక్సరు బోర్డు ముందు, మంచి చెవి వేదిక వైపు పెట్టి కూర్చున్నాను.

తెర లేకపోవడం చూసి ముందు వరస గొణిగింది. రాజు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వచ్చేసరికి, “ఏటండి, పెళ్లిపెద్దలా ఉన్నాడు,” అని ఎవరో అన్నారు. అప్పుడు రాజుగారు స్టాండు దగ్గరికొచ్చి మొదటి పద్యం ఎత్తుకున్నారు.

నేను ఆ పద్యాల్లోని నీతిని ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఆ గొంతు ముందు నా వాదన ఏదీ నిలబడలేదని చెప్పకపోతే అది అబద్ధమవుతుంది. కిరీటమూ, మెరుపు బట్టలూ, రంగుల తెరా తీసేశాక ఇక మిగిలింది ఆ గొంతొక్కటే. చిన్నప్పటి నుంచి విన్న పద్యాన్ని మొదటిసారి ఒక మనిషి పాడగా విన్నట్టుంది. గొణుగుడు ఆగిపోయింది.

అమ్మకం సీను వచ్చింది. కాశీ వీధి లేదు. ఒక స్టూలు, వెనక తెల్ల గుడ్డ. పాస్‌పోర్టు ఫొటో. ఏజెంటు వేషగాడు రాణిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమన్నాడు, నవ్వొద్దన్నాడు. ఫ్లాషు కొట్టాడు. చేతులు చాపమని, అరచేతులు తిప్పి చూశాడు. ఆరోగ్యం చూడ్డానికి దగ్గమన్నాడు. ఆవిడ దగ్గింది. ఇదంతా జరుగుతుంటే రాజు ఆమెకు వీపు పెట్టి, స్టాండు పట్టుకుని, సత్యం మీద పద్యం పాడుతున్నాడు. పాట వింటే ఆమె కనబడదు. ఆమెను చూస్తే పాట వినబడదు. హాల్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది.

ముందు వరస పాటనే ఎంచుకుంది. పద్యం ముగియగానే నేను చెప్పిన చోటే, చెప్పినట్టే, “వన్స్‌మోర్” అని పెద్ద కేక.

రాజుగారు తృప్తిగా తల వంచి మళ్లీ ఎత్తుకున్నారు. ఏజెంటు కూడా మళ్లీ మొదలుపెట్టాడు. గడ్డం ఎత్తండి. నవ్వకండి. ఫ్లాషు. చేతులు చాపండి. దగ్గండి.

ఆ అమ్మాయి నన్ను ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. జనం ఎన్నిసార్లు పద్యం అడిగితే ఆమెను అన్నిసార్లు అమ్ముతారు. ఆ సీనులో కొత్త మాట ఒక్కటి రాయలేదు, పాత ఆచారాన్ని కత్తిరించలేదు. దాన్ని అలాగే ఉంచి మన ముందు పెట్టింది. ఆడవాళ్ల వైపు నుంచి కలకలం మొదలైంది. రెండోసారి పద్యం ముగిశాక ముందు వరసలో ఎవరో అలవాటుగా, “వన్స్...” అని ఎత్తుకుని మధ్యలో మింగేశారు. మూడోసారి అమ్మమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇన్నేళ్లలో నేను ఎన్ని వ్యాసాలు రాశాను? అవి చదివి ఒక్కరూ వన్స్‌మోర్ అనలేదు సరే, ఒక్కరూ మాట మింగింది కూడా లేదు.

అన్నీ బాగున్నాయనను. వెనక గోడ మీద సముద్రపు అలల బొమ్మ వేశారు, దాని అవసరమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మునికి కోటు తొడిగి నల్ల కళ్లద్దాలు పెట్టడం చౌకబారుగా ఉంది. ఆ సంగతి ఆ అమ్మాయికి మొహం మీదే చెప్పాను. కళ్లద్దాలు తీసేసింది, కోటు ఉంచింది.

ఇక కాటి సీను. మంటలు లేవు, పుర్రెలు లేవు. ఒక్క దీపం. రాణి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన బట్టలతోనే, దుప్పట్లో చుట్టిన బిడ్డతో వచ్చింది. తన పాత చోటులోనే, వెనక ఎడమ పక్కన ఆగింది. రాజు సుంకం అడిగాడు. ఆవిడ ఆయన మొహం చూసింది.

“నన్ను అమ్మినప్పుడు నన్ను అడిగారా?”

కాలరు మైకులోంచి ఆ మాట సన్నగా, కానీ స్పష్టంగా వచ్చింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. రాజుగారు ఒప్పుకున్నట్టే నోరు మూసుకుని నిలబడ్డారు. అప్పుడు ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. ప్రెసిడెంటుగారు లేచి నిలబడ్డారు.

ఆయన వెళ్లిపోతే ముందు వరసంతా వెనకే వెళుతుంది. వేదిక పక్కన ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు కనబడుతోంది.

సరిగ్గా అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు.

“వన్స్‌మోర్.”

దాని తర్వాత జరిగింది ఏ రచయితా రాయలేడు. యాభై ఏళ్లుగా ఆ కేక వినబడితే అది రాజుగారి కోసమే. ఆ మాట చెవిన పడగానే ఆయన కాళ్లు వాటంతట అవే కదిలాయి. నాలుగడుగులు ముందుకొచ్చి, స్టాండు మెడ పట్టుకుని, గొంతు సవరించుకున్నారు. హార్మోనియం ఆయన కూడా అంతే, చెయ్యి అలవాటుగా శ్రుతి అందించింది. రాజుగారు నోరు తెరిచారు. ఏ పద్యం పాడదామనుకున్నారో ఆయనకే తెలియాలి.

“మీక్కాదండి బాబూ,” అందా గొంతు. “ఆవిడిగారికండి.”

హాలంతా గొల్లుమంది. ఆడా మగా అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒప్పందం గుర్తొచ్చి నవ్వు రాలేదు. జనం గొల్లుమంటే మాట తీసేయాలి. రాజుగారు స్టాండు పట్టుకుని, నోరు సగం తెరిచి అలాగే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. అంత నవ్వును ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. అక్కడ ఆయన కోపగించుకుని లోపలికి వెళ్లిపోయినా తప్పుపట్టేవాణ్ని కాదు.

ఆయన నోరు మూసుకున్నారు. వెనక్కి తిరిగి రాణిని చూశారు. తర్వాత స్టాండు మరను వదులు చేసి, మైకును కిందికి దించడం మొదలుపెట్టారు. ఆయన పొడగరి, ఆవిడ ఆయన భుజం దాకా రాదు. ఆ మర తిరిగిన కిర్రుకిర్రు నా లౌడ్‌స్పీకర్లలో హాలంతా వినబడింది. నవ్వు దానికదే అణగిపోయింది. ఆవిడ నోటి ఎత్తు ఎంతో కళ్లతో కొలిచి, మర బిగించి, చేత్తో రమ్మన్నట్టు చూపించి, తాను వెనక్కి నడిచారు. ఎడమ పక్కన, ఆవిడ ఇరవై ఏళ్లు నిలబడిన చోట నిలబడ్డారు.

ఆవిడ బిడ్డను భుజానికెత్తుకుని ముందుకొచ్చింది. నేను కాలరు మైకు ఆపేసి స్టాండు మైకొక్కటే ఉంచాను. ఆవిడ రెండోసారి అడిగింది. ఈసారి రాజును చూడలేదు. స్టాండు దగ్గర నిలబడ్డవాళ్లు జనాన్నే చూస్తారు కదా. మనల్ని చూసి అడిగింది. ఇంకో మూల నుంచి మళ్లీ వన్స్‌మోర్. మూడోసారి అడిగింది. ఆ మూడోసారికి నా కళ్లజోడు మసకబారింది. చెమట అనుకోండి, మీ ఇష్టం.

లేచిన ప్రెసిడెంటుగారు వెళ్లలేదు. చివరి దాకా నిలబడే చూశారు. తర్వాత అడిగితే, “మోకాలు తిమ్మిరెక్కిందండి, అందుకని లేచేను,” అన్నారు. మేమెవరం కాదనలేదు.

ఆట అయ్యాక లోపల గదిలో రాజుగారు కుర్చీలో వాలి సోడా తాగుతున్నారు. ఆ అమ్మాయి భయంభయంగా వచ్చి ఎదురుగా నిలబడింది.

“మాస్టారూ, జనం నవ్వేరు. మాట ప్రకారం...”

“నన్ను చూసి నవ్వేరండమ్మా, ఆవిణ్ని చూసి కాదు,” అన్నారాయన. “లెక్క తేడా తెలియదా ఏటి?”

“అయితే ఆ మాట ఉంచుదామాండీ?”

ఆయన నా వైపు తిరిగారు. “నాస్తికుడు గారూ, తమరి దగ్గర రెండో స్టాండుందా?”

“ఉందండి.”

“తాటిపాకకి అదీ పట్రండి. ఊరూరా నా స్టాండు కిందికీ పైకీ తిప్పుకోవాలంటే నా నడుం ఒప్పుకోదు.”

తీర్పు అదే. నాకు తెలిసిన ఏ సంస్కర్తా, ఏ సభలోనూ, అంత తక్కువ మాటల్లో అంత పెద్ద మార్పు ఒప్పుకోలేదు. ఆయన సిద్ధాంతం మారిందని నేను అనుకోను. మర్నాడు అడిగినా సత్యం కోసం భార్యను అమ్మడం సబబే అనేవారేమో. కానీ వందల మంది నవ్వుతుండగా, తన చోటు వదిలి ఆమె చోటుకు నడిచారు. ఆ నాలుగడుగులకు నేను నమస్కారం పెడతాను. ఏ దేవుడికీ పెట్టని నమస్కారం.

సామాను సర్దుకుని బయటికొస్తే, గేటు దగ్గర ఆవిడ భర్త బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆట చూశాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ రాగానే బ్యాగు అందుకున్నాడు.

“బండి మీద ఎళ్దామా, ఆటో పిలవనా? నీ ఇష్టం,” అన్నాడు.

ఆవిడ నన్ను చూసి నవ్వింది. “అడిగేరండి అన్నయ్యగారూ,” అంది.

ఇంతకంటే గొప్ప ప్రోగ్రాం నేను చూడలేదు, అందుకే దాని తర్వాత ఇంకొకటి ఒప్పుకోలేదు. తాటిపాకకు రెండు స్టాండ్లతో మా మేనల్లుణ్ని పంపాను. ఇప్పుడు ఆ ట్రూపు ఎక్కడ ఆడినా రెండే పెడుతున్నారట. మిగతా ట్రూపులు మాత్రం పాత పద్ధతిలోనే ఒకటి పెడుతున్నాయి. ఎందుకంటే రెండోది ఎవరూ అడగట్లేదు.

కాబట్టి మీరు అడగండి. ఈ నాటకాన్ని నిషేధించమని నేనిక రాయను. ఆడించండి, పద్యాలన్నీ పాడించండి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టండి. కానీ ఈ ఏడు మీ ఊళ్లో కమిటీ నాటకం కుదుర్చుకునే రోజున వెళ్లి ఎదురుగా కూర్చోండి. వేదిక ముందు రెండు స్టాండ్లు ఉండాలని, రెండోది రాణి నోటి ఎత్తుకు బిగించి ఉండాలని చెప్పండి. ఒక్కటే పెడతామంటే, ఆ మైకు సెట్టును వచ్చిన బండిలోనే వెనక్కి పంపించెయ్యండి.